పాత పికప్, కొత్త సలహాలు: షెవర్లే 3100 మరమ్మతుల్లో తికమక ఎక్కడ పుడుతుంది?

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోలు 2025 నాటికి మన దేశమంతటా బంకుల్లో మామూలు ఇంధనం కావడంతో, పాత వాహనాలు ఉన్నవారిలో ఒక దిగులు మొదలైంది. పదిహేనేళ్ల కిందటి కారుకే ఇది పడుతుందా లేదా అని వాదించుకుంటున్నప్పుడు, డెబ్బై అయిదేళ్ల కిందటి బండి మాటేమిటన్న ప్రశ్న రావడం సహజం. అయితే అంత పాత బండి విషయంలో ఇంధనం అనేక చిక్కుల్లో ఒకటి మాత్రమే. పాత పికప్ ట్రక్కు కొన్నవారికి సలహాలకు కొదవ ఉండదు. కొదవల్లా ఆ సలహాల మధ్య పొంతనకే. ఒకరు డిటర్జెంట్ ఉన్న ఇంజనాయిల్ పోయవద్దంటారు, మరొకరు అది తప్ప వేరేది పోయవద్దంటారు. ఒకరు ఆరు వోల్టుల వైరింగు పీకేయమంటారు, ఇంకొకరు దాన్ని ముట్టుకుంటే బండి విలువ పోయినట్టేనంటారు.

ఈ సలహాల్లో చాలావరకు అబద్ధాలు కావు. ప్రతి సలహా ఏదో ఒక ఇంజను విషయంలో, ఏదో ఒక వేగం దగ్గర, ఏదో ఒక వాడకంలో నిజమైనదే. ఆ ఇంజను, ఆ వేగం, ఆ వాడకం వెనకే ఉండిపోయి సలహా ఒక్కటే చేతులు మారినప్పుడు తికమక పుడుతుంది. ఈ సంగతిని ఒక బండి ఆధారంగా చూస్తే స్పష్టంగా అర్థమవుతుంది కనుక, పాత పికప్‌ల లోకంలో బాగా పేరున్న షెవర్లే 3100ను ఉదాహరణగా తీసుకుందాం.

బండి పుట్టిన సంవత్సరం ఎందుకు ముఖ్యం?

షెవర్లే సంస్థ 1947 వేసవి నుంచి 1955 మార్చి వరకు తయారుచేసిన ట్రక్కుల వరుసకు ‘అడ్వాన్స్ డిజైన్’ అని పేరు. అందులో 3100 అర టన్ను పికప్, 3600 ముప్పావు టన్నుది, 3800 ఒక టన్నుది. ఈ టన్నుల లెక్క బండి బరువు గురించి కాదు, అది మోయగలదని నామమాత్రంగా చెప్పుకున్న బరువు గురించి. మన దేశానికి ఈ సంస్థ బండ్లు కొత్తేమీ కావు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలోని శివ్డీలో కర్మాగారం పెట్టి, విడిభాగాలు తెప్పించి షెవర్లే వాహనాలను ఇక్కడే బిగించి అమ్మింది. 1954లో ఆ కర్మాగారం మూతపడింది.

బయటినుంచి చూస్తే 1947 బండికీ 1954 బండికీ పెద్ద తేడా కనిపించదు. లోపల మాత్రం చాలా మారింది. పెట్రోలు ట్యాంకు 1949లో క్యాబిన్‌లోకి, సీటు వెనక్కి వచ్చింది. బ్రేకులు 1950 దాకా హక్ పద్ధతివి, 1951 నుంచి బెండిక్స్ పద్ధతివి; ఒకదాని షూలు మరొకదానికి సరిపోవు. ఇంజను 1953 దాకా 216 క్యూబిక్ అంగుళాలది, అంటే సుమారు మూడున్నర లీటర్లది. 1954లో దాని స్థానంలో 235 క్యూబిక్ అంగుళాలది వచ్చింది. రెండూ ఒకే వరుసలో ఆరు సిలిండర్లున్నవే, చూపుకు అన్నదమ్ముల్లా ఉంటాయి. పైగా ఈ డెబ్బై ఏళ్లలో ఎవరో ఒకరు ఇంజను మార్చే ఉంటారు గనుక, 1949 బండిలో 1958 నాటి ఇంజను కనిపించినా ఆశ్చర్యపోనక్కరలేదు. కాగితంలో రాసిన సంవత్సరాన్ని మాత్రమే చూసి సలహా అడిగితే, అసలు లేని ఇంజనుకు మందు తెచ్చుకున్నట్టవుతుంది.

ఇక్కడినుంచి మన ఉదాహరణ 1949 నాటి 3100 అనుకుందాం: 216 ఇంజను, 90 గుర్రపు శక్తి, హక్ బ్రేకులు, ఆరు వోల్టుల బ్యాటరీ, వెనక చక్రాలను తిప్పే పళ్లచక్రాలుండే హౌసింగ్‌లో 4.11 పళ్ల నిష్పత్తి, అంటే టాప్ గేరులో చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను 4.11 చుట్లు తిరగాలి.

ప్రెషరు గేజీలో 14 పౌండ్లు: రోగమా, ఆరోగ్యమా?

ఈ బండిని మొదటిసారి నడిపిన మనిషిని భయపెట్టేది ఆయిల్ ప్రెషరు గేజీ. ఇంజను వేడెక్కాక మామూలు వేగంలో ముల్లు చదరపు అంగుళానికి 14 పౌండ్ల దగ్గర నిలబడుతుంది. నేటి ఇంజన్లలో 40, 50 పౌండ్లు చూసిన మెకానిక్‌కు ఇది ప్రాణం పోయే ఇంజనులా అనిపిస్తుంది. కానీ ఈ గేజీలో గీసిన అంకెలే 30 దగ్గర ఆగిపోతాయి. ఆ ఇంజనును తయారుచేసినవారు అంతకుమించిన ప్రెషరు ఆశించలేదు.

కారణం ఆయిల్ ప్రయాణించే దారిలో ఉంది. నేటి ఇంజన్లలో క్రాంకు షాఫ్టు లోపల రంధ్రాలు తొలిచి ఉంటాయి. పంపు తోసిన ఆయిల్ వాటి గుండా పిస్టన్‌ను క్రాంకు షాఫ్టుతో కలిపే ప్రతి కనెక్టింగ్ రాడ్ బేరింగుకూ చేరుతుంది. 216లో మెయిన్ బేరింగులకూ క్యామ్ షాఫ్టుకూ పంపు ప్రెషరుతో ఆయిల్ అందుతుంది గాని, కనెక్టింగ్ రాడ్లకు అలా అందదు. ప్రతి రాడ్ అడుగున చిన్న గరిటె లాంటి కొన ఉంటుంది. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంపులో ఆ కొన కింద ఒక తొట్టి ఉంటుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు గరిటె ఆ తొట్టిలో మునిగి ఆయిల్‌ను బేరింగులోకి తోస్తుంది. వేగం పెరిగాక సంపులోని నాజిళ్లు చిమ్మే ఆయిల్ ధార తిన్నగా ఆ గరిటె మీద పడి లోపలికి వెళుతుంది. అంటే ఆ నాజిళ్ల గురి తప్పితే, గేజీలో ముల్లు ఎంత నిక్కచ్చిగా ఉన్నా రాడ్ బేరింగు ఎండిపోతుంది. సంపు విప్పి శుభ్రం చేసేటప్పుడు నాజిల్ కాస్త వంగినా పైకి ఏమీ తెలియదు. తరువాత కొంతకాలానికి ఇంజను అడుగునుంచి కొట్టుకునే శబ్దం చెబుతుంది.

రెండో తేడా బేరింగులది. ఇప్పటి ఇంజన్లలో అరిగిన బేరింగు షెల్లు తీసి కొత్తవి వేస్తారు. 216 రాడ్లలో షెల్లులు లేవు. తగరం, సీసం వంటివి కలిపిన మెత్తని మిశ్రమలోహాన్ని, మన షెడ్లలో వైట్ మెటల్ అనే దాన్ని, కరిగించి నేరుగా రాడ్‌లో పోసి లేత్ మీద కొలతకు తొలుస్తారు. అరుగుదల కొద్దిగా ఉంటే క్యాపు కింద పెట్టిన పలుచని రేకుల్లో ఒకటి తీసి బిగించి ఖాళీని తగ్గిస్తారు. అరుగుదల మించితే మళ్లీ లోహం పోయాల్సిందే. ఈ పని నేర్చినవారు అమెరికాలోనూ తగ్గిపోతున్నారు, ఇక్కడా తగ్గిపోతున్నారు.

కనుక తక్కువ ప్రెషరును సరిచేయడానికి చిక్కటి ఆయిల్ పోయమన్న సలహా ఈ ఇంజనులో సాధారణంగా ఎదురు తిరుగుతుంది. చిక్కదనంతో ముల్లు పైకి లేస్తుంది. చల్లటి ఉదయం ఆ గరిటెలకు అందవలసిన ఆయిల్ మాత్రం మరింత నెమ్మదిగా పారుతుంది. గేజీ చూసేవాడికి ఊరట, బేరింగుకు కష్టం.

వేగం లెక్క కడితే అసలు సంగతి బయటపడుతుంది

216 ఇంజను బలహీనమైనదని ఒక వర్గం వాదిస్తుంది. అది పొలాల్లో, పల్లె దారుల్లో ఏళ్ల తరబడి పనిచేసిందని మరో వర్గం గుర్తుచేస్తుంది. రెండూ నిజమెలా అవుతాయో ఒక చిన్న లెక్క చెబుతుంది.

ఈ బండి టైరు వ్యాసం సుమారు 28 అంగుళాలు. అంటే ఒక చుట్టుకు బండి దాదాపు 2.23 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 1,333 మీటర్లు, అంటే టైరు నిమిషానికి దాదాపు 597 చుట్లు తిరగాలి. టాప్ గేరులో హౌసింగ్ నిష్పత్తి 4.11 గనుక ఇంజను సుమారు 2,450 చుట్లు తిరుగుతుంది. ఇదే లెక్కను గంటకు 105 కిలోమీటర్లకు, అంటే అమెరికా హైవేల మీద అతి సాధారణమైన 65 మైళ్లకు, కడితే ఇంజను సుమారు 3,220 చుట్లకు చేరుతుంది. ఆ ఇంజను తన గరిష్ఠ శక్తి అయిన 90 గుర్రాలను ఇచ్చేది 3,300 చుట్ల దగ్గర. అంటే నేటి హైవే వేగం ఈ బండికి తీరిగ్గా సాగే ప్రయాణం కాదు, గంటల తరబడి ఒగరుస్తూ తీసే పరుగు. గరిటెతో ఆయిల్ అందుకునే రాడ్లు ఆ పరుగుకు పుట్టినవి కావు. అమెరికా రాష్ట్రాలను కలిపే ఇంటర్‌స్టేట్ రహదారుల చట్టం వచ్చిందే 1956లో. ఈ బండి ఆ రోడ్లకన్నా ముందు పుట్టింది.

ఇక్కడ యజమానులకు రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది, 1954 తరువాతి 235 ఇంజనును పెట్టడం. అందులో రాడ్లకు కూడా ప్రెషరుతో ఆయిల్ అందుతుంది, బేరింగు షెల్లులు మార్చుకోవచ్చు, బానెట్ ఎత్తి చూసినా తేడా సులువుగా తెలియదు. కొన్ని సంవత్సరాల ఇంజన్లకు వాటర్ పంపు, ముందు మౌంటింగులు సర్దవలసి వస్తుంది. రెండోది, ఇంజనును అలాగే ఉంచి హౌసింగ్‌లో 3.55 నిష్పత్తి గల క్రౌన్, పినియన్ అనే పళ్లచక్రాల జత వేయించడం. అప్పుడు గంటకు 105 కిలోమీటర్ల దగ్గర ఇంజను సుమారు 2,780 చుట్లే తిరుగుతుంది. పాత నిష్పత్తిలో 91 కిలోమీటర్ల వేగానికి పడే శ్రమ అది. దానికి బదులుగా చక్రాల దగ్గర లాగే బలం దాదాపు 14 శాతం తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువుతో బయలుదేరేటప్పుడు ఈ తగ్గుదల తెలుస్తుంది.

హౌసింగ్ మొత్తాన్నే మార్చేసి కొత్త బండిది పెట్టవచ్చు కదా అన్న ఆలోచన ఈ బండిలో అంత తేలిగ్గా సాగదు. ఇందులో ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి కనిపించదు. ఒక దృఢమైన గొట్టం లోపల తిరుగుతుంది. చక్రాల తోపు కూడా ఆ గొట్టం గుండానే గేరుబాక్సుకు, అక్కడినుంచి ఛాసిస్‌కు చేరుతుంది. గొట్టాన్ని తీసేస్తే గేరుబాక్సు వెనక భాగం నుంచి కమాను కట్టల అమరిక దాకా అన్నీ మళ్లీ ఆలోచించాలి. ఈ గొట్టం తెచ్చిపెట్టే మరో తమాషా ఉంది. ముందున్న సీలు అరిగితే గేరుబాక్సు ఆయిల్ గొట్టంలోకి జారి హౌసింగ్‌లోకి చేరుతుంది. గేరుబాక్సులో ఆయిల్ తగ్గుతుంది, కింద నేల మీద మరక ఉండదు, హౌసింగ్‌లో మట్టం పెరిగి వెనక బ్రేకు షూలు తడుస్తాయి. బ్రేకు పట్టడం లేదని వచ్చిన బండికి జబ్బు గేరుబాక్సులో ఉండడం అలా జరుగుతుంది.

ఏ దారి పట్టినా లెక్క అక్కడితో ముగియదు. బండి 80కి బదులు 105 వేగంతో హాయిగా పోగలిగితే, ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, అది దాదాపు 72 శాతం ఎక్కువవుతుంది. ఇంజను మీద తగ్గించిన భారం బ్రేకు డ్రమ్ముల మీదికి చేరింది. పాత బండిలో ఒక భాగాన్ని మెరుగుపరచడమంటే చాలాసార్లు దాని పక్కనున్న భాగానికి కొత్త పని అప్పగించడమే.

డిటర్జెంట్ ఆయిల్, జింకు: ఎవరి మాట నిజం?

ఇంజనాయిల్‌లో డిటర్జెంట్ అంటే మసిని, మడ్డిని ఒకచోట పేరుకోనివ్వకుండా ఆయిల్‌లో తేలుతూ ఉంచే రసాయనం. అలా తేలే మురికిని పట్టడానికి ఫిల్టరు కావాలి. 216కు ఫిల్టరు అదనంగా డబ్బు పెట్టి వేయించుకునే సరంజామా. అదీ ఆయిల్‌లో కొంత భాగాన్ని మాత్రమే వడకట్టేది. డిటర్జెంట్ లేని ఆయిల్‌తో దశాబ్దాలు నడిచిన ఇంజను అడుగున మడ్డి గట్టిపడి ఉంటుంది. అలాంటి ఇంజనులో ఒక్కసారిగా డిటర్జెంట్ ఆయిల్ పోస్తే ఆ మడ్డి ఊడి సన్నని దారులకు, ముఖ్యంగా ఇందాక చెప్పిన నాజిళ్లకు, అడ్డుపడవచ్చు. వద్దనేవారి భయానికి మూలం ఇదే. సంపు విప్పి పూర్తిగా శుభ్రం చేసిన, లేదా కొత్తగా బోరు చేయించిన ఇంజనుకు ఆ భయం వర్తించదు. అక్కడ డిటర్జెంట్ ఆయిలే మేలు. వాదించుకుంటున్న ఇద్దరూ వేర్వేరు ఇంజన్ల గురించి మాట్లాడుతున్నారన్నమాట.

జింకు విషయం కూడా ఇలాంటిదే. క్యామ్, ట్యాపెట్ల మధ్య రాపిడిని తట్టుకోవడానికి ఆయిల్‌లో జింకు, ఫాస్ఫరస్ కలిసిన సమ్మేళనం వేస్తారు. పొగలోని విషవాయువులను తగ్గించే కెటాలిటిక్ కన్వర్టరును ఫాస్ఫరస్ పాడుచేస్తుందని నేటి పలుచని గ్రేడుల్లో దాన్ని 0.08 శాతానికి పరిమితం చేశారు. బలమైన వాల్వు స్ప్రింగులున్న అరవైల నాటి పెద్ద ఇంజన్లలో ఈ తగ్గుదల క్యామ్‌లను అరగదీస్తుందన్న ఆందోళన సబబైనదే. 216లో స్ప్రింగుల బిగువు తక్కువ కనుక ఆ ప్రమాదం చాలా చిన్నది. అరవైల నాటి బండ్ల సలహా నలభైల నాటి బండికి అతుక్కుపోయింది.

సీసం పోయింది, ఇథనాల్ వచ్చింది

సిలిండరులో ఇంధనం అదుపు తప్పి పేలి ఇంజను కొట్టుకోకుండా ఉండేందుకు ఒకప్పుడు పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపేవారు. అమెరికాలో రోడ్డు వాహనాలకు అది 1996లో పూర్తిగా ఆగిపోయింది. మన దేశంలో 2000లో ఆగింది. సీసం మరో పని కూడా చేసేది: దాని నుంచి ఏర్పడే పలుచని పొర ఎగ్జాస్ట్ వాల్వుకూ సీటుకూ మధ్య మెత్తలా నిలిచేది. ఆ పొర లేకపోతే పోత ఇనుప సీటు అరిగి వాల్వు లోపలికి కుంగుతుంది. ఈ కుంగుదల ఎక్కువసేపు, ఎక్కువ వేగంలో, బరువుతో నడిచే ఇంజన్లలో కనిపించేది. ఆదివారాల్లో ముప్పై కిలోమీటర్లు తిరిగే పికప్‌లో అది తలెత్తే అవకాశం తక్కువ. అందుకే సీట్ల కోసమే సిలిండర్ హెడ్డు విప్పడం అనవసరమని, వేరే పనిమీద విప్పినప్పుడు మాత్రం గట్టి ఉక్కు సీట్లు వేయించడం తెలివైన పనని చాలామంది పనివాళ్లు అంటారు. కొట్టుకునే సమస్య విషయానికొస్తే, 216 కంప్రెషన్ నిష్పత్తి ఆరున్నర దగ్గరే ఉంటుంది గనుక ఇప్పటి మామూలు పెట్రోలే దానికి ఎక్కువ. ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు ఈ ఇంజనుకు ఒరగబెట్టేదేమీ లేదు.

ఇథనాల్ సంగతి ఇంత తేలిక కాదు. అందులో మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి, వాటిని కలిపేయడమే గందరగోళానికి కారణం.

మొదటిది గాలి, ఇంధనాల పాలు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఒక కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఇ20కి ఆ లెక్క దాదాపు 13.5 అవుతుంది. కొత్త ఇంజన్లలో ఆక్సిజన్ సెన్సరు ఈ తేడాను పసిగట్టి ఇంధనం పెంచుతుంది. పాత ఇంజన్లలో గాలిలో పెట్రోలును కలిపే కార్బురేటర్‌కు ముక్కూ చెవీ లేవు. పెట్రోలుకు కొలిచిన జెట్టు గుండానే ఇ20ని వదులుతుంది. ఫలితంగా మిశ్రమం ఎనిమిది శాతం దాకా పలుచబడుతుంది. ఇంజను వేడెక్కడం, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తడబడడం దీని లక్షణాలు. జెట్టు రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పెరగాలంటే వ్యాసం నాలుగు శాతం పెరిగితే చాలు. కనుక ఇది కార్బురేటర్ ట్యూనింగుతో తీరే చిక్కే.

రెండోది రబ్బరు. పెట్రోలు పంపు డయాఫ్రం, గొట్టాలు నలభైల నాటి రబ్బరువైతే ఇథనాల్ తగిలి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగులుతాయి. ఫ్లోరోకార్బన్ రబ్బరుతో చేసిన డయాఫ్రం, ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టం దీన్ని తట్టుకుంటాయి. మన 1949 బండిలో ట్యాంకు సీటు వెనకే ఉందని మరచిపోకూడదు. అక్కడి గొట్టం కారితే పోయేది మైలేజీ కాదు.

మూడోది నీరు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు చేరి విడి పొరగా నిలుస్తాయి, పెట్రోలు పైన తేలుతుంది. కార్బురేటర్‌కు ముందుగా అందేది ఆ అడుగు పొరే.

2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణ, ఇ20 వల్ల పాత వాహనాలకు పెద్ద హాని లేదని, కొన్నింటిలో మాత్రం 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని చెప్పింది. మైలేజీ పడిపోతోందని, బండి తయారైనప్పుడు లేని ఇంధనాన్ని తప్పనిసరి చేయడం న్యాయం కాదని యజమానులు వాదించారు. ఇద్దరి వాదనలోనూ పస ఉంది. అయితే ఆ కిలోమీటర్ల లెక్క రోజూ తిరిగే బండ్లది. ఏడాదికి అయిదారు వందల కిలోమీటర్లు తిరిగి, మిగతా కాలం షెడ్డులో నిలబడే పికప్‌కు ఆ కొలత పనికిరాదు. దానికి శత్రువు తిరగడం కాదు, నిలబడడం. విశాఖ, కాకినాడ లాంటి తేమగాలి ఊళ్లలో, గాలి ఆడే మూత ఉన్న ట్యాంకులో, సగం నింపి ఆరు నెలలు వదిలేసిన పెట్రోలు గురించి ఆ వివరణలో జవాబు వెతకడం తగదు.

ఆరు వోల్టులు చాలవా, తీగలు చాలవా?

లైట్లు మసకగా ఉన్నాయి, సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది; పన్నెండు వోల్టులకు మార్చేయాలి. ఇది తరచుగా వినిపించే తీర్పు. దీన్ని తూచడానికి మరో లెక్క సాయపడుతుంది.

45 వాట్ల హెడ్‌లైటుకు ఆరు వోల్టుల దగ్గర 7.5 ఆంపియర్ల కరెంటు కావాలి. పన్నెండు దగ్గర 3.75 చాలు. తుప్పు పట్టిన స్విచ్చు, వదులైన ఎర్తు కలిసి 0.1 ఓం నిరోధం పెట్టాయనుకుందాం. ఆరు వోల్టుల బండిలో 0.75 వోల్టు, అంటే ఎనిమిదో వంతు, దారిలోనే పోతుంది. పన్నెండు వోల్టుల బండిలో పోయేది 0.375 వోల్టు, అంటే మూడు శాతం. బల్బు వెలుగు వోల్టేజీకన్నా చాలా వేగంగా పడిపోతుంది గనుక మొదటి బండి తన వెలుగులో మూడో వంతుకు పైగా కోల్పోతే, రెండోది పదో వంతు కోల్పోతుంది. అదే మురికి, అదే వదులు, ఫలితం వేరు.

అంటే ఆరు వోల్టుల పద్ధతి దానంతటది బలహీనం కాదు. మురికిని సహించదు, అంతే. కొత్తలో బాగా పనిచేసింది కూడా తీగలు మందంగా, ఎర్తులు శుభ్రంగా ఉండడం వల్లే. సెల్ఫ్ మోటారుకు రెట్టింపు కరెంటు కావాలి కాబట్టి బ్యాటరీ కేబుల్ కూడా చాలా లావుగా ఉండాలి. మధ్యలో ఎవరో పన్నెండు వోల్టుల కారు కేబుల్ తెచ్చి బిగిస్తే, నీరసం బ్యాటరీది కాదు, ఆ కేబుల్‌ది. ఇంకొక తిరకాసు ఎర్తుది: ఆనాటి ఫోర్డులో బ్యాటరీ పాజిటివ్ కొన ఛాసిస్‌కు కలిసి ఉండేది, షెవర్లేలో నెగటివ్. ఫోర్డు యజమాని సలహాను తు.చ. తప్పకుండా పాటించిన షెవర్లే యజమాని డైనమోను ఇబ్బందుల్లో పడేస్తాడు.

మార్పు కోరేవారి వాదన కూడా తోసిపుచ్చదగ్గది కాదు. పాత డైనమో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఛార్జింగ్ ఇవ్వదు. రాత్రిపూట నగరంలో సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి నడిచే బండికి ఆల్టర్నేటర్ నిజంగా అవసరం. పన్నెండు వోల్టుల బల్బులు, బ్యాటరీలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. కాకపోతే మార్చేది బ్యాటరీ ఒక్కటే కాదు. బల్బులన్నీ, ఇగ్నిషన్ కాయిలు, హీటరు ఉంటే దాని మోటారు మారాలి. పెట్రోలు గేజీకి వోల్టేజీ తగ్గించే పరికరం పెట్టాలి. పాత సెల్ఫ్ మోటారు పన్నెండు వోల్టులతో కొద్ది సెకన్లు దర్జాగా తిరుగుతుంది, ఫ్లైవీల్ పళ్లను మాత్రం గట్టిగా కొడుతుంది.

బ్రేకులు: కనిపించని చోట ఉన్న సిలిండరు

పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను చక్రాల వైపు తోసే మాస్టర్ సిలిండర్ ఈ బండిలో క్యాబిన్ నేల కింద ఉంటుంది. బానెట్ ఎత్తి చూసే అలవాటున్నవారికి అది కనిపించదు, అందుకే ఏళ్ల తరబడి దాని మూత తెరిచే నాథుడుండడు. నాలుగు చక్రాలకూ ఒకటే దారి. ఎక్కడ ఒక గొట్టం పగిలినా పెడల్ నేలకు తగులుతుంది. ముందు, వెనక చక్రాలకు విడివిడి దారులు అమెరికా కార్లలో తప్పనిసరి అయింది 1968లో.

ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టించడం ఇప్పుడు సాధారణమైంది. అక్కడ ఒక చిన్న వాల్వు చాలామందిని ఏడిపిస్తుంది. డ్రమ్ము బ్రేకులకు గొట్టంలో ఎప్పుడూ సుమారు 10 పౌండ్ల ప్రెషరు నిలిపి ఉంచే వాల్వు పాత మాస్టర్ సిలిండర్‌లోనే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి డిస్కులు పెడితే అవి పట్టేసుకుని కాలిపోతాయి. పూర్తిగా తీసేస్తే, డిస్కును నొక్కిపట్టే చక్రాల కాలిపర్ల కన్నా సిలిండర్ కిందనుంది గనుక ఫ్లూయిడ్ వెనక్కి జారి, ప్రతిసారీ పెడల్ రెండుసార్లు తొక్కాల్సి వస్తుంది. డిస్కుల దారికి 2 పౌండ్ల వాల్వు, డ్రమ్ముల దారికి 10 పౌండ్లది విడిగా పెట్టడం దీనికి విరుగుడు.

బ్రేకు ఫ్లూయిడ్ విషయంలోనూ రెండు పక్షాలున్నాయి. డాట్ 3 నీటిని పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగనిది, తడి చేరాక 140 దగ్గరే మరగవచ్చు, సిలిండర్లకు తుప్పూ పట్టవచ్చు. సిలికాన్‌తో చేసిన డాట్ 5 నీటిని పీల్చదు, పెయింటును తినదు. ఎక్కువ కాలం నిలబడి ఉండే బండికి అది నచ్చడానికి కారణమిదే. కానీ లోపలికి చేరిన నీరు అందులో కరగక పల్లపు చోట బొట్టుగా నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది, గాలి బుడగలు త్వరగా వదలవు గనుక పెడల్ కాస్త మెత్తగా ఉంటుంది. రెండింటినీ కలపడం మాత్రం ఏ పక్షమూ ఒప్పుకోని పని. ఇంకో మాట: పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. మన షెడ్లలో డ్రమ్ము విప్పగానే గాలి పైపుతో ఆ దుమ్మును ఊదేసే అలవాటు ఊపిరితిత్తులకు చాలా చేటు.

తుప్పు, అసలుదనం, మన నిబంధనలు

తుప్పు గురించి పెద్ద వివాదం లేదు. క్యాబిన్ వెనక మూలలు, కాళ్ల దగ్గరి రేకు, తలుపుల కింది అంచు ముందుగా పోతాయి, వాటికి అచ్చుపోసిన కొత్త రేకులు అమెరికాలో దొరుకుతాయి. వెనక తొట్టి అడుగు చెక్క పలకలదే కాబట్టి దాన్ని మార్చడం వడ్రంగి పని. ఛాసిస్ తినేసిన బండి మాత్రం వేరే లెక్క.

వివాదమంతా ఎంతవరకు మార్చవచ్చన్న దగ్గరే. అమెరికాలో ఇది ఎక్కువగా అభిరుచికి, అమ్మకపు ధరకు సంబంధించిన విషయం. పొగ పరీక్షల్లో కఠినంగా ఉండే కాలిఫోర్నియా కూడా 1975, అంతకుముందు నాటి పెట్రోలు బండ్లను ఆ పరీక్ష నుంచి మినహాయించింది. మన దేశంలో ఇది చట్టపు విషయం కూడా. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, సొంత వాడకానికి ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ తరగతిలో నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, మళ్లీ నమోదుకు 5,000 రూపాయలు రుసుము. నంబరు పలక మీద రాష్ట్రం కోడ్ తరువాత వీఏ అన్న అక్షరాలు వస్తాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతులకు తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు.

పికప్‌కు ఈ వాక్యాల్లో రెండు చిక్కులున్నాయి. మొదటిది, అది పుట్టుకతోనే సరుకు బండి. పాత రిజిస్ట్రేషన్ రవాణా వాహనంగా ఉంటే సొంత వాడకపు వాహనమన్న నిర్వచనంలో ఎలా ఇముడుతుందో ముందు తేల్చుకోవాలి. రెండోది, 216 స్థానంలో 235 ఇంజను పెట్టిన బండిని ఏమనాలన్నది. అది అదే సంస్థ ఇంజను, ఆ తరువాతి సంవత్సరాల్లో అదే బండిలో వచ్చిన ఇంజను, మెకానిక్ దృష్టిలో మరింత భద్రమైన ఇంజను. అయినా డిస్ట్రిబ్యూటర్ పక్కన బ్లాకు మీద కొట్టి ఉన్న నంబరు, రిజిస్ట్రేషన్ కాగితంలోని నంబరు ఒకటి కావు.